వంకను నేరుగా నడిపించిన సంగతి

ఎమ్మిగనూరు, ఆదోని మధ్య స్థలాలు కొన్న వ్యాపారులు లెక్కలేనంత మంది ఉన్నారు. వాళ్లలో వంకను కొసరుగా తీసుకున్నవాణ్ణి మాత్రం నేనొక్కణ్ణే. ఈ మాట ఆర్నెల్ల పాటు ఎవరు అడిగినా, అడగకపోయినా చెప్పుకున్నాను. టీ కొట్టు దగ్గర చెప్పాను. పెళ్లి భోజనాల్లో పక్క విస్తరి ఆయనకు చెప్పాను. క్షవరం చేయించుకుంటూ, కత్తి గొంతు మీద ఉండగా కూడా చెప్పాను. అందరూ నేల కొని గొప్పలు పోతారు. నేను పారే నీళ్లను పక్కకు జరిపి, అవి పారిన చోటును నా గోడ లోపలికి తెచ్చుకున్నాను. అంత తెలివైన పని మా వంశంలో ఎవరూ చేయలేదు. చేయకపోవడానికి వాళ్లకు ఏదో కారణం ఉండి ఉంటుందని అప్పుడు తోచలేదు.

మా నాయనది ఆదోని బజారులో చిన్న కిరాణా కొట్టు. నేను త్రాసు కింద పాకుతూ పెరిగాను. మా దగ్గర తూకం అయిపోయాక కూడా కొనేవాడు సంచి మూతి మూయడు. ఇంకో పిడికెడు పడేదాకా అలాగే పట్టుకుని నిలబడతాడు. ఆ పిడికెడే కొసరు. దానికి డబ్బు లేదు, చీటీలో రాత లేదు, కానీ అది పడకపోతే బేరం ముగిసినట్టు కాదు. అమ్మేవాడు దాన్ని ధరలోనో తూకంలోనో ముందే కలుపుకుని ఉంటాడని నాకు పదేళ్లప్పుడే తెలుసు. ఆ కలపడం నేర్పింది మా నాయనే. ఈ చదువంతా అమ్మేటప్పుడు బాగా పనికొచ్చింది. కొనేటప్పుడు ఒక్కసారి కూడా గుర్తుకు రాలేదు.

నాది దాణా వ్యాపారం. పత్తిగింజల చెక్క, తవుడు, ఉలవలు. ఎమ్మిగనూరు బయట, ఆదోని రోడ్డు పక్కన గోదాముకు స్థలం వెతుకుతుంటే ఒకటి కుదిరింది. ఎండాకాలం. స్థలం వెనక వంక ఉంది, వానాకాలంలో మాత్రమే పారే వాగు. వంక అంటే అప్పుడు ఇసుక, కంప చెట్లు, మేకల అడుగులు. నీటి చుక్క లేదు. అది తిన్నగా వస్తూ వస్తూ, సరిగ్గా ఆ స్థలం దగ్గర లోపలికి వంగి, జొన్నరొట్టెను కొరికినట్టు ఓ ముక్క కొరికి మళ్లీ బయటికి పోయేది. కొరికిన వైపు గట్టు నిలువుగా, నా ఛాతీ ఎత్తున ఉండేది. ఎదుటి వైపు ఇసుక నాలుకలా చాచుకుని పల్లంగా ఉండేది. ఒకే వంక ఒక పక్క ఎందుకు తింటుంది, ఇంకో పక్క ఎందుకు పెడుతుంది అని ఆలోచించి ఉంటే బాగుండేది. నేను మాత్రం ఆ కొరికిన ముక్క ఎన్ని గజాలుంటుందో ఆలోచించాను.

అమ్మే ఆయన దేవనకొండ వైపు రైతు. పెద్ద వయసు. పొద్దున మొదలుపెట్టిన బేరం మధ్యాహ్నమైనా ధర దగ్గర కదల్లేదు. చివరికి నేను నా పాత ఆయుధం తీశాను.

"ధర తగ్గియ్యవు, సరే. కొసరన్నా ఇయ్యి పెద్దప్పా."

"భూమికి కొసరేందప్పా? మూర ఎక్కువ కొల్సి ఇయ్యమంటావా?"

"మూర ఏంటికి? ఆ వంక కొరికిన ముక్క ఇయ్యి."

ఆయన వంక వైపు చూశాడు. నా వైపు చూశాడు. తలగుడ్డ విప్పి మొహమంతా తుడుచుకున్నాడు. తుడుచుకున్నది చెమట కాదు, నవ్వు అని ఇప్పుడు అనుకుంటున్నాను.

"తీస్కో సావుకారీ. వంపు తీస్కో, ఇసుక తీస్కో, వానాకాలం నీళ్లొస్తే అవి గూడా తీస్కో. నేనేమన్నా అడ్డమొస్తానా?"

వంక సర్కారుది. ఆయన ఇవ్వడానికి లేదు, నేను పుచ్చుకోవడానికి లేదు. ఇద్దరికీ తెలుసు. అయినా చేతిలో చేయి వేసుకున్నాం. నేను ఇంటికి పోతూ దారంతా ఈల వేసుకున్నాను.

వంక వంపును నేలగా మార్చాలంటే వంకకు వేరే దారి చూపించాలి. ఎదుటి ఇసుక నాలుక మీదుగా నేరుగా ఓ కాలువ తవ్వి, ఆ మట్టి తెచ్చి వంపులో పోస్తే సరిపోతుందని నా లెక్క. జేసీబీ తెప్పించాను. డ్రైవరు నడివయసు మనిషి, నిదానస్థుడు. మొదట గట్టు మీది కంప చెట్లన్నీ వేర్లతో పెకిలించాడు. తర్వాత ఇసుకలో గీత గీసినట్టు తవ్వడం మొదలుపెట్టాడు. సగం తవ్వాక బండి ఆపి దిగాడు.

"అన్నా, నీళ్లు ఈడ్నించి సక్కగా పోతే ఆడ ఆ మిద్దెకు తగుల్తాయే?"

వంక కింది వైపు, కూతవేటు దూరంలో, గట్టు మీద ఒక మట్టి మిద్దె ఉంది. లోపల మగ్గం ఆడుతున్న చప్పుడు మా దాకా వినిపిస్తోంది.

"అది మన హద్దులో లేదుప్పా" అన్నాను. అతను ఇంకా నిలబడే ఉంటే, "గంటకింత అని ఇస్తాండా నీకు. మాటకింత అని కాదు" అన్నాను.

ఇద్దరం నవ్వుకున్నాం. అతను బండెక్కాడు. రెండు రోజుల్లో వంపు పూడిపోయింది. దాని మీద గోడ కట్టాను.

తొలి వానకు నేను గొడుగు పట్టుకుని పోయి నిలబడి చూశాను. మోకాలి లోతు నీళ్లు వచ్చాయి. నా కాలువలో ఎక్కడా ఆగకుండా, ఎవరో తరుముతున్నట్టు పోయాయి. చేతులు కట్టుకుని చూస్తూ ముచ్చటపడ్డాను. వాన వెలిశాక దిగి చూస్తే కాలువ అడుగు మూరెడు లోతుకు దిగిపోయి ఉంది. ఎగువ కొసన నేలలో మెట్టు లాంటిది పడింది. ఆ మెట్టు నేను తవ్వించలేదు.

అక్కడ గొర్రెలు మేపే పెద్దాయన ఒకడున్నాడు. చిన్నప్పటి నుంచి ఆ వంక వెంట తిరిగినవాడు. కర్ర మీద గడ్డం ఆనించి నా కాలువను చాలాసేపు చూశాడు.

"వంపు ఏంటికి తీసేస్తివి సావుకారీ?"

"అడ్డమొచ్చింది పెద్దప్పా."

"అడ్డం రావాలనే ఉండేది అది. నేను గొర్రెలను దిగుడులో నేరుగా ఇడ్సను. పరుగెత్తి కాళ్లిరగ్గొట్టుకుంటాయని అడ్డం తిప్పి, తిప్పి దింపుతా. వంక గూడా అట్లనే తిప్పుకుంట దిగుతాది. నువ్వు నిలువున దింపితివి."

"నీళ్లకు కాళ్లు లేవు కదా ఇరిగేకి."

"నీళ్లకేమీ గాదు" అన్నాడాయన, కింది వైపు చూస్తూ.

ఆయన మాట నాకు నా లెక్కలో అర్థమైంది. పై నుంచి కిందికి ఎంత పల్లమో అంతే ఉంది. నేను నీళ్లు నడిచే దారి మాత్రం తగ్గించాను. దారి తగ్గితే ఊపు పెరుగుతుంది. వంపు ఉన్నప్పుడు నీళ్లు బయటి గట్టును గీకి, ఆ మట్టిని లోపలి వైపు పెట్టి, అలిసి, నిమ్మళంగా బయటికి వచ్చేవి. ఇప్పుడు కొత్త బలంతో వచ్చి ఎదురుగా ఏది ఉంటే దాన్ని తగులుతున్నాయి. ఎదురుగా ఉన్నది ఆ మిద్దె గట్టు. పైన నల్లరేగడి, కింద ఇసుక. నీళ్లు ఇసుకను లాక్కుపోతే పైన రేగడి చూరులా వేలాడుతుంది. చూసేవాడికి గట్టు గట్టుగానే కనిపిస్తుంది.

భయం ఆ రోజు మొదలైంది. వానపడిన ప్రతి మర్నాడూ పోయి మిద్దె వెనక గోడ నుంచి గట్టు అంచు దాకా అంగలు వేసి కొలిచేవాణ్ణి. మొదట పదమూడు వచ్చాయి. రెండు వానలకు పదకొండు అయ్యాయి. ఒక రోజు ఎనిమిదే వచ్చాయి. అంగలు చిన్నవి వేసి మళ్లీ కొలిచాను. పది వచ్చాయి. ఆ పదినే నమ్మి ఇంటికి పోయి అన్నం తిన్నాను. కొట్లో ఇతరుల మీద చేసే మోసం మన మీద మనం చేసుకుంటే ఎంత హాయిగా ఉంటుందో ఆ పూట తెలిసింది.

ఆ మిద్దెలో ఉండేది నేత పనిచేసే ఒకామె, ఆమె అత్త. భర్త ఆదోని పత్తి మిల్లులో హమాలీ, వారానికోసారి వస్తాడు. ఆమెకు నలభై ఏళ్లుంటాయి. అత్తకు చెవులు వినపడవు, గోడకానుకుని కూర్చుని కండెలకు నూలు చుడుతుంటుంది. నేను కొలుస్తుంటే ఆమె గుమ్మంలోకి వచ్చింది.

"ఏమప్పా, మా గోడ కొంటావా ఏంది? దినాము కొలుస్తాండావు."

"ఊరికే చూస్తాండా అక్కా."

"నువ్వు ఊరికే చూసేదుంటాదా?" అని నవ్వి లోపలికి పిలిచింది. వాళ్లది గుంత మగ్గం. నేలలో నడుము లోతు గుంత ఉంటుంది. గుంత అంచున కూర్చుని, కాళ్లు లోపలికి దించి, అడుగున ఉన్న చెక్కలను తొక్కుతూ నేస్తారు. "చెయ్యి పెట్టి చూడు" అంది. గుంత గోడకు చేయి ఆనించాను. చల్లగా, తడిగా తగిలింది. వేలి కొసలకు మట్టి అంటింది.

"ఇన్నేండ్లలో ఎప్పుడూ లేదు. నూలు గూడా చెమ్మ పడ్తాండాది. ఏంటికో?"

ఏంటికో నాకు తెలుసు. "వానలు ఎక్కువ కదక్కా" అన్నాను.

మర్నాడు నా పాత దాణా సంచులన్నీ తెచ్చి, మట్టి నింపించి, ఆ గట్టు కింద పేర్పించాను. నీళ్లకు కరగని గరుసు మట్టి కొనాలంటే లారీ బాడుగ. అందుకని అక్కడే ఉన్న రేగడి నింపించాను. ఒక్క వానకు సంచులు పాలు తాగిన పిల్లల్లా ఉబ్బి, చినిగి, లోపలిది కరిగి పోయింది. గొర్రెల పెద్దాయన నవ్వీ నవ్వీ దగ్గాడు. "రేగడితో కట్ట పోస్తివా సావుకారీ! అంబలి పోసి ఎండాలని కూచుంటారా ఎవరన్నా?" నేనూ నవ్వాను. నా నవ్వు నాకే కొత్తగా వినిపించింది. ఆ గట్టు నుంచి గోడకు ఆరు అంగలే ఉన్నాయి. ఈసారి నేను పెద్ద అంగలే వేశాను.

ఓ మధ్యాహ్నం పని మీద ఆదోనిలో ఉన్నాను. రెండు గంటల వేళ కొండల మీద మబ్బు దిగి, బజారంతా చీకటి కమ్మింది. తర్వాత పడింది వాన అనడానికి లేదు. కొండ రాళ్ల మీద నుంచి నీళ్లు తెల్లగా పట్టలు పట్టలుగా దిగడం కొట్టు మెట్ల మీద నుంచి చూశాను. కొండకు అవతలి పక్క పడిన నీళ్లే ఎక్కడెక్కడో తిరిగి మా వంకలోకి వస్తాయి. రెండు మూడు గంటలు పడుతుంది. బండి తీశాను.

అరగంట తడిశాను. ఆ తర్వాత రోడ్డు పొడిగా ఉంది. ఎమ్మిగనూరు దగ్గర పడేసరికి ఎండ కాస్తోంది, పిల్లలు ఆడుకుంటున్నారు. వెనక్కి చూస్తే ఆకాశం నల్లగా ఉంది. ముందుకు చూస్తే ఎవరికీ ఏమీ తెలియదు. నాతో పాటు ఏదో వస్తోందని, అది రోడ్డు మీద కాకుండా పొలాల మధ్య పల్లం వెతుక్కుంటూ వస్తోందని నాకొక్కడికే తెలుసు.

మిద్దెలో మగ్గం ఆడుతోంది.

"అక్కా, లెయ్. అత్తను తీస్కోని పైకి పా. వంక వస్తాండాది."

ఆమె పోగుల మధ్య నాడె అటూ ఇటూ విసురుతూనే ఉంది. "వాన యాడుందప్పా? ఎండ సూడు, బండలు కాలుతాండాయి."

"ఆదోని కొండల మీద పడ్తాండాది. తడుసుకోని వచ్చినా, సూడు."

"నువ్వు తడిస్తే వంక వస్తాదా?"

"నీ మగ్గం విప్పేసి, పడుగు కోసేసి, పైన ఎవరింట్లోనన్నా పెట్టుకో. ఇంగ ఈడ ఉండొద్దు."

మగ్గానికి బిగించిన నిలువు పోగులను, ఆ పడుగును, కోయమనేసరికి చేయి ఆపింది. నేతవాళ్లతో ఆ మాట అనకూడదని నాకు తెలియదు. "ఒకేసారి నాలుగు చీరలకు పడుగు ఎక్కిస్తారప్పా. మూడు నేసినా. నాలుగోది ఇప్పుడే మొదలుపెట్టినా. ఇప్పుడు కోస్తే నూలిచ్చినాయన నాలుగింటి కూలీ పట్టుకుంటాడు. ఒక్క చీర, మూడు దినాలు. అయినంక పోతాలే."

"కూలి నేనిస్తా."

ఆమె మొదటిసారి నా మొహం చూసింది.

"నువ్వా?"

"నేనే. నాలుగు చీరలదీ."

"బేరం సెయ్యకుండానా?"

"సెయ్యకుండా."

"అయితే ఏందో ఉండాది. పోయిన నెల మా మేకకు రోంత తవుడు అడిగితే, తూకం రాయి మీద దుమ్ము గూడా తుడ్సి తూసినోనివి నువ్వు."

అది నిజమే. దుమ్ము బరువు తవుడు కూడా ఎక్కువ పోకూడదని తుడిచాను. బేరగాడు ధర తగ్గించకుండా ఒప్పుకుంటే అవతలివాళ్లకు నమ్మకం పోతుంది. ఇంతకాలం నా చేతిలో ఉన్న ఆట, ఆ రోజు నా మెడకే చుట్టుకుంది. నా దగ్గర చెప్పని సరుకు ఒక్కటే మిగిలింది.

"ఆ వంపు పూడ్సింది నేనే అక్కా. నీళ్లు నేరుగా నీ గోడకు కొడ్తాండేది నా వల్లనే."

"తెలుసు" అందామె. "జేసీబీ వచ్చిన దినమే తెలుసు. మా అత్తకు గూడా తెలుసు. ఆమెకు చెవులే లేవు, కండ్లు బాగుండాయి."

"మరి ఏంటికి అడగలేదు?"

"అడిగితే ఏం సేస్తుంటివి? ఎంతకు ఒప్పుకుంటావని అడుగుతుంటివి."

ఆమె లేచింది. పడుగు రేపు పొద్దున కోస్తానని, ఈ రాత్రికి పైన బంధువుల ఇంట్లో ఉంటామని అంది. అత్త భుజం తట్టి, చేతులతో నీళ్లు పారినట్టు చూపింది. ముసలామె కండెలు ఒడిలో పోసుకుని లేచింది.

మేం రోడ్డు ఎక్కామో లేదో చప్పుడు వచ్చింది. చాలా లారీలు ఒకేసారి ఎత్తు ఎక్కుతున్నట్టు. ముందు వచ్చినవి నీళ్లు కావు. పత్తి కట్టె, నురుగు, చెప్పులు, ఎవరిదో మంచం కోడు, అన్నీ ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చాయి. వాటి వెనక ఎర్రటి నీళ్లు నిలువెత్తున వచ్చాయి. నా కాలువలో అవి వంగలేదు, ఆగలేదు. వచ్చి మిద్దె గట్టుకు కొట్టాయి. ప్రతి కొద్దిసేపటికీ లోపల ఎక్కడో "ధబ్" మని చప్పుడు. రేగడి పెళ్ల పడుతున్న చప్పుడు. ఆ చప్పుడుకొకసారి ఆమె నా వైపు చూసేది. నేను నేల వైపు చూసేవాణ్ణి. పొద్దు గూకేదాకా అలాగే నిలబడ్డాం. మిద్దె పడలేదు.

మర్నాడు పొద్దున పోయేసరికి వంకలో నీళ్లు మోకాలికి దిగాయి. ఎండ వచ్చింది. మిద్దె గోడకు, అంచుకు మధ్య మూడు అంగలు మిగిలాయి. అయినా మిద్దె నిలిచింది. నా గుండె మీద నుంచి బస్తా దించినట్టయింది. ఆ తేలికలో నేను చేసిన పని ఇక్కడ రాయకుండా తప్పించుకోవచ్చు. కానీ లెక్కలో ఒక వరస వదిలితే కింద మొత్తం తప్పుతుంది.

ఆమె అత్తను వెంటబెట్టుకుని, చిన్న కత్తి చేతిలో పట్టుకుని పడుగు కోయడానికి వచ్చింది.

"ఇంగ కోయక్కర్లేదులే అక్కా" అన్నాను. "అంత నీళ్లకే నిల్సింది కదా. చీర నేసుకోని, నిమ్మళంగా దింపుకో."

ఆమె కత్తి దించింది. "అంటే కూలి ఇయ్యవు."

"అది గాదక్కా..."

"ఆఁ. అదే" అని నవ్వి, అత్తను తీసుకుని లోపలికి పోయింది. కాసేపటికి మగ్గం చప్పుడు మొదలైంది. నాలుగు చీరల కూలి నా జేబులోకి తిరిగి వచ్చిన సంతోషంతో ఆ చప్పుడు నాకు ఎంతో బాగా వినిపించింది.

గొర్రెల పెద్దాయన గొర్రెలను వదిలేసి, ఒక్కడే వడివడిగా వచ్చాడు.

"ఆయమ్మ యాడ?"

"మగ్గం మీద. నీళ్లు దిగినాయి కదా పెద్దప్పా."

"దిగినాయనే అడుగుతాండా!" ఆయన గొంతు అంత పైకి లేవడం నేనెప్పుడూ వినలేదు. "వచ్చినప్పుడు నీళ్లు గట్టును ఆనుకోని నిలబెడ్తాయి. పోయేటప్పుడే ఇడ్సిపెడ్తాయి. గట్టు లోపలంతా నీళ్లు తాగి బరువై ఉండాది. ఇప్పుడు పట్టుకునేదేముంది దాన్ని?"

పరుగెత్తాం. గుమ్మంలో అడుగు పెట్టగానే ఒక చిన్న చప్పుడు వినిపించింది. టింగ్. మళ్లీ టింగ్. పడుగు పోగులు వాటంతట అవే ఒక్కొక్కటి తెగుతున్నాయి. మగ్గం ముందు కొయ్యలు ఇవతల, వెనక కొయ్యలు వంక పక్క. ఆ రెంటి మధ్య నేల సాగుతోంది. వెనక గోడకు ఇవతల, నేల మీద వేలు దూరేంత నెర్రె ఈ మూల నుంచి ఆ మూలకు పాకింది. ఆమె గుంతలో కాళ్లు పెట్టుకుని, తల వంచి, తెగిన పోగును నోటితో తడి చేసి ముడి వేస్తోంది.

"రాత్రి చెమ్మకు పోగు నాసిపోయింది" అంది తల ఎత్తకుండా. "ముడేసేకొద్దీ తెగుతాండాది."

"లెయ్ అక్కా! ఇల్లు పోతాండాది!"

"ఈ ఒక్క ముడి."

నేను ముసలామెను రెండు చేతులతో ఎత్తుకుని బయట పడేశాను. పడేశాననే మాటే నిజం. తిరిగి వచ్చేసరికి ఆమెకు నెర్రె కనిపించింది. కత్తి తీసి పడుగు మీద ఒక్క గీటు గీసింది. బిగిసిన పోగులన్నీ ఒకేసారి వెనక్కి ఎగిరి ఆమె మొహాన కొట్టాయి. నేసిన బట్ట చుట్టను చంకలో పెట్టుకుని కుడికాలు పైకి తీసింది. ఎడమకాలు తీసేలోపు గుంత గోడ లోపలికి జారి, దానితో పాటు మగ్గం కొయ్య ఆ కాలి మీద పడింది. ఆమె నా చొక్కా పట్టుకుంది. పెద్దాయన కొయ్య కింద తన కర్ర పెట్టి ఎత్తాడు, నేను లాగాను. ముగ్గురం గుమ్మం బయట పడ్డాక వెనక్కి చూస్తే మిద్దెలో వెనక సగం లేదు. పెద్ద చప్పుడు కూడా కాలేదు. తడిసిన రొట్టె విరిగినట్టు మెత్తగా పోయింది. ఆ చోట ఆకాశం, కింద ఎర్రటి నీళ్లు.

వానలు తగ్గాక నేను మళ్లీ జేసీబీ తెప్పించాను. అదే డ్రైవరు. నా గోడ పడగొట్టి, పాత వంపు తవ్వించాను. మళ్లీ నీళ్లొచ్చినప్పుడు వంక సగం నీళ్లను అటు పంపింది, సగం నేరుగానే పోయింది. మిద్దె ఉన్న చోట అది తన కొత్త వంపు వేసుకుంది. ఒక పక్క గట్టును గీకుతోంది, ఎదుటి పక్క ఇసుక నాలుక చాస్తోంది. నేను పైన తీసేసిన మలుపును అది కింద ఒక ఇంటి ఖర్చుతో కట్టుకుంది. ఇప్పటికీ మబ్బు పట్టిందంటే చాలు, ఆ గట్టు పక్క ఇప్పుడు ఎవరూ లేరని తెలిసినా పోయి అంగలు వేసి వస్తాను.

ఇక లెక్క. జేసీబీ రెండుసార్లు, పూడ్చడానికి ఒకసారి, తవ్వడానికి ఒకసారి. కట్టిన గోడ, దాన్ని పడగొట్టిన కూలి. రోడ్డుకు పైన, రాతి నేల మీద ఆమెకు కట్టించిన గది. కొత్త మగ్గం. నాలుగు చీరల కూలి, ఒక్క పైసా తగ్గకుండా. ఆదోనిలో ఆసుపత్రి ఖర్చు. ఇవి డబ్బుతో తెగినవి. ఇవన్నీ కలిపితే, రైతు మొదట చెప్పిన ధరకు బేరం లేకుండా మంచి స్థలం ఇంకెక్కడైనా కొని ఉండేవాణ్ణి, చేతిలో కొంత మిగిలేది కూడా.

డబ్బుతో తెగనిది ఆమె ఎడమకాలు. మడమ దగ్గర బిగుసుకుపోయింది, చెక్క తొక్కితే పూర్తిగా దిగదు. ఇదివరకు మూడు రోజులకు నేసే చీర ఇప్పుడు ఆరు రోజులు పడుతోంది. తగ్గిన కూలి నెలనెలా నేనివ్వాలని ఆమే చెప్పింది, ఎంతో కూడా ఆమే చెప్పింది. నేను బేరం చేయలేదని రాయాలని ఉంది. మొదటి నెల చిల్లర తగ్గించి ఇచ్చాను. ఆమె లెక్కపెట్టుకుని, చేయి అలాగే చాచి ఉంచింది. తగ్గించింది కూడా పెట్టాను.

"ఎన్ని దినాలక్కా ఇట్ల?" అని ఆ రోజే అడిగాను.

"కాలు బాగయ్యేదాకా" అంది.

అది బాగవదని ఆసుపత్రిలోనే డాక్టరు చెప్పినప్పుడు ఆమె మంచం మీద ఉంది, నేను మంచం పక్కన ఉన్నాను. ఇద్దరం విన్నాం. సరేనన్నాను.